కొత్త ఎండకు మొదటి వారం

తంజోంగ్ పగార్ స్టేషన్‌కు కూతవేటు దూరంలో నలభై అంతస్తుల భవనం ఒకటి లేస్తోంది. ఆ సైటులో పనిచేసే మూడు వందల మందిలో సగం మందికి నూకరాజు పేరు తెలియదు గానీ, ఆయన ఈల తెలియని వాళ్లు లేరు. గంటకోసారి ఆ ఈల వినిపించగానే చేతిలో పని ఎక్కడిదక్కడ ఆపేసి, టెంటు నీడలోకి వచ్చి నీళ్లు తాగాలి. తాగినట్టు నటిస్తే కుదరదు. ఎదురుగా నిలబడి, గొంతు కదిలిందో లేదో చూసుకున్నాక గానీ వదలడు.

నూకరాజుకు యాభై మూడేళ్లు. సొంతూరు పలాస పక్కన. ఏడాది పొడవునా ఉక్కపోసే ఈ ద్వీప దేశం వచ్చి ఇరవై తొమ్మిదేళ్లయింది. మొదట ఓడలు బాగుచేసే యార్డులో కూలీ. తర్వాత సైట్ల మీద ఇనుప చువ్వలు కట్టే పని. ఆదివారాలు క్లాసులకు వెళ్లి సేఫ్టీ కోర్సు పాసై, మెల్లగా సూపర్‌వైజర్ అయ్యాడు. ఆ తర్వాతే భార్య లతనూ, చంటిపిల్ల స్పందననూ తెచ్చుకోగలిగాడు. ఇప్పుడు బూన్ లే అనే పేటలో చిన్న ఫ్లాటు. స్పందన పాలిటెక్నిక్‌లో చదువుతోంది. తండ్రి తెలుగులో అడిగితే ఇంగ్లిషులో జవాబిస్తుంది.

ఎండ విషయంలో ఆయనది అంత పట్టుదల కావడానికి అప్పలస్వామి కారణం.

తొంభై ఆరు జనవరిలో నూకరాజుతో పాటు అదే విమానంలో వచ్చినవాడు అప్పలస్వామి. ఇరవై రెండేళ్లవాడు. రెండు చంకల్లో రెండు బియ్యం బస్తాలు పెట్టుకుని నడవగలిగిన మనిషి. ఇద్దరికీ ఓడ కడుపులోకి దిగి తుప్పు గీకే పని ఇచ్చారు. ఐదో రోజు మధ్యాహ్నం అప్పలస్వామి పొంతన లేని మాటలు మాట్లాడాడు, నవ్వాడు, పడిపోయాడు. మళ్లీ లేవలేదు. ఆ రోజు బయట ముప్పై ఒకటే డిగ్రీలు. తమ ఊళ్లో నలభై మూడు డిగ్రీల రోహిణి కార్తెలో జీడితోటలో పనిచేసిన కుర్రాడు ముప్పై ఒకటికి పోతాడని ఎవరనుకుంటారు? గుండె ఆగిందన్నారు. నూకరాజు కూడా పదేళ్లపాటు అదే నమ్మాడు.

సేఫ్టీ కోర్సులో ఒక ఆదివారం పాఠం చెప్పే ఆయన బల్ల మీద చెయ్యి ఆనించి మామూలుగా అన్నాడు: "వేడిని శరీరం నేర్చుకోవాలి. వారం, పది రోజులు పడుతుంది. వేడికి పడిపోయేవాళ్లలో ఎక్కువమంది కొత్తగా చేరినవాళ్లే. అదీ మొదటి వారంలోనే." నూకరాజు లేచి, బయటికి వెళ్లి, చేతులు కడుక్కునే చోట కొళాయి తిప్పి చాలాసేపు నిలబడ్డాడు. శీతాకాలంలో ఊరి నుంచి బయల్దేరారు. అంతకు ముందు మూడు నెలలు ఏజెంటు కబురు కోసం ఖాళీగా కూర్చున్నారు. దిగిన మర్నాడే ఓడ కడుపులో, మందపాటి బట్టల్లో, గాలి లేని చోట పది గంటల పని. ఎవరైనా ఆ మొదటి వారం వాణ్ని సగం పూటే పని చేయనిచ్చి ఉంటే, గంటకోసారి నీళ్లు పట్టి ఉంటే, వాడు బతికేవాడు. ఆ రోజు నుంచి నూకరాజు ఈల మెడలో వేసుకున్నాడు.

మహతి ఆ సైటుకు వచ్చింది నిరుడు నవంబరులో. హనుమకొండ అమ్మాయి. ముప్పై లోపే ఉంటుంది. సైన్స్ పార్క్‌లో ఒక పరిశోధన సంస్థలో పని. మూడుకాళ్ల పీట మీద నల్లటి బంతి బిగించిన మీటరు ఒకటి మోసుకొచ్చి టెంటు పక్కన దించింది.

"అంకుల్, ఇది నాలుగు నెలలు ఇక్కడ ఉంటది. మీ మేనేజర్ పర్మిషన్ ఇచ్చిండు."

"ఉండనియ్యమ్మా. మనకీ ఒకటుంది, వేడి కొలిసేది. నీదెందుకు మరి?"

"ఫిన్లాండ్ కోసం అంకుల్. యూరప్‌ల పైన ఉంటది, మంచు దేశం. అక్కడ లెహ్టోలా అని చిన్న టౌన్. ముందు ముందు అక్కడ ఎండాకాలాలు ఎట్లుంటయో మేం లెక్కలేస్తున్నం. వేడి అలవాటైన ఊరు ఏం చేస్తది, అలవాటు లేని ఊరు ఏం చేయాలె, రెండూ పోల్చి చూడాలె."

"అక్కడ ఎండెంతేటి?"

"మొన్నటి వేసవిల ముప్పై దాటింది. పది రోజులు."

నూకరాజు పకపకా నవ్వాడు. "ముప్పయ్యా! ముప్పయ్యంటే మాకు ఏసీ తల్లీ. దానికి పరిశోధనేటి?"

మహతి కోప్పడలేదు. "అందరూ ఇట్లనే నవ్వుతరు అంకుల్. కానీ ఆ పది రోజుల్ల మనుషులు పోయిండ్రు. ముసలోళ్లు. ఇండ్లల్లనే, మంచాల మీదనే." అక్కడి ఇళ్లు లోపలి వెచ్చదనం బయటికి పోకుండా కట్టినవని చెప్పింది. దళసరి గోడలు, మూడు పొరల అద్దం కిటికీలు. ఫ్యాన్లు లేవు. ఒకసారి లోపలికి చేరిన వేడి వారం దాకా కదలదు.

నూకరాజు నవ్వు ఆగిపోయింది. ఆ నల్లబంతి వైపు చూసి అడిగాడు. "ఎన్నో రోజున పోనారమ్మా?"

"ఏంది అంకుల్?"

"ఎండ మొదలైనాక. ఎన్నో రోజున?"

ఆ ప్రశ్న తనను ఇంతవరకు ఎవరూ అడగలేదు. మహతి అక్కడే ఇసుక బస్తాల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. వెతికి, తలెత్తింది. "ఎక్కువమంది మూడో రోజు నుంచి ఆరో రోజు లోపల."

"అదే," అన్నాడు నూకరాజు. "ఆలందరూ కొత్తగా పన్లో సేరినోలే." తర్వాత ఆమెకు అప్పలస్వామి సంగతి చెప్పాడు. లతకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి అది.

మార్చిలో లెహ్టోలా నుంచి ముగ్గురు వచ్చారు. ఊరి పాలకవర్గం నుంచి ఒక అధికారి, ఇళ్ల ఇంజనీరు ఒకాయన, వృద్ధాశ్రమంలో పెద్ద నర్సు పిర్యో. సైన్స్ పార్క్‌లో రెండు రోజుల సమావేశం. మధ్యలో ఒక గంట ఈ సైటు చూపించాలని మహతి పట్టుబట్టింది. చెప్పాల్సింది నూకరాజు.

"నాకేటి ఇంగ్లీసొచ్చు?" అన్నాడు ఇంట్లో, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"నీకొచ్చిందే సెప్పు. ఆలకి మాత్రం మన ఇంగ్లీసొచ్చా?" అంది లత.

స్పందన ఫోనులోంచి తలెత్తకుండానే ఇక్కడి ఇంగ్లిషు యాసలో అంది: "జస్ట్ స్కోల్డ్ దెమ్ లైక్ యువర్ వర్కర్స్ లా, నాన్నా."

తిట్టాల్సిన అవసరం రాలేదు. అతిథులు హెల్మెట్లు, పసుపు జాకెట్లు, బరువు బూట్లు వేసుకుని రెండో అంతస్తు ఎక్కేసరికి పది నిమిషాలయింది. పిర్యో ముఖం టమాటా పండులా ఎర్రబడింది. అరవై ఏళ్ల మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు. ఊళ్లో మంచులో విమానం ఎక్కి మొన్ననే దిగింది. ఇంజనీరు ఏదో అడుగుతుండగా ఆమె రెయిలింగ్ పట్టుకోవడం నూకరాజు చూశాడు. ఇంజనీరు మాటను సగంలో ఆపేశాడు.

"టూర్ స్టాప్," అన్నాడు. "అందరూ కిందికి. నౌ."

టెంటులో ఆమెను కూర్చోబెట్టి, హెల్మెట్, జాకెట్ తీయించాడు. తడిగుడ్డ మెడ వెనక వేశాడు. చేతులు మోచేతుల దాకా నీళ్ల బకెట్‌లో పెట్టించాడు. ఎదురుగా ఫ్యాను తిప్పాడు. నీళ్లు గ్లాసులో పోసి, "గడగడా వద్దు, కొంచెం కొంచెం," అన్నాడు. పావుగంటకు పిర్యో ముఖం మామూలు రంగుకు వచ్చింది. ఆమె సిగ్గుపడుతూ, తాను సౌనా గదిలో ఎనభై డిగ్రీల్లో కూర్చునే మనిషినని, ఇంత బలహీనురాలిని కాదని చెప్పుకుంది.

"సౌనా అంటే?" అన్నాడు నూకరాజు. మహతి చెప్పింది: వేడి రాళ్ల మీద నీళ్లు చల్లి, ఆవిరిలో కూర్చునే చెక్కగది. నూకరాజు మరీ తెల్లబోయాడు. "ఎనభైలో కూకున్నోలు ముప్పైకి పడిపోడమేటి?"

మహతి ఇంగ్లిషులో అడిగింది. పిర్యో ఆలోచించి జవాబిచ్చింది. "సౌనాకు తలుపుంది. చాలనిపిస్తే బయటికొచ్చి చెరువులో దూకుతాం. పోయిన జూలైలో మా వాళ్లకు తలుపు లేదు. రాత్రీ పగలూ అదే గది."

ఆ వేసవి ఆశ్రమంలో నలుగురు పోయారు. ముప్పై ఎనిమిది మంది ఉండే చోట నలుగురు. ఆమె తడిచేతులు తుడుచుకుని, సంచిలోంచి పుస్తకం తీసింది. "నిన్నంతా రెండువేల అరవైలో ఏమవుతుందో విన్నాను. చాలా భయమేసింది. మీరు నాకొక్కటి చెప్పండి. ఎండ మొదలైన మొదటి రోజు పొద్దున నేను ఏం చెయ్యాలి?"

నూకరాజుకు ఇది తెలిసిన ప్రశ్న. వచ్చీరాని ఇంగ్లిషులోనే వేళ్లు మడుస్తూ చెప్పాడు. ఆ రోజు వాళ్లందరూ కొత్త కూలీలనుకోండి. బరువు పనులు, వ్యాయామాలు, స్నానాలు పొద్దున్నే పెట్టండి. దాహం వేసేదాకా ఆగకండి, గంట కొట్టి నీళ్లివ్వండి. ఇద్దరిద్దర్ని జత కట్టండి; ఒకరి మాట తేడా వస్తే రెండోవాళ్లు చెప్పాలి. ఒక్క గదినైనా చల్లగా ఉంచి, రోజూ కొన్ని గంటలు అందర్నీ అక్కడికి చేర్చండి. పగలు కిటికీలు మూసి తెరలు దించండి, సూర్యుడు దిగగానే తెరవండి.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇంజనీరు అన్నాడు: "మా ఊళ్లో ఆ నెలల్లో సూర్యుడు దాదాపు రాత్రి పదకొండుకు దిగుతాడు. మూడుకు మళ్లీ వస్తాడు."

నూకరాజు మడిచిన వేళ్లు విప్పేశాడు. టెంటులో ఉన్న వాళ్లందరూ నవ్వారు, చివరికి ఆయన కూడా నవ్వాడు. అప్పుడే అసలు పని మొదలైంది. సూర్యుణ్ని నమ్ముకోకుండా లోపలొక థర్మామీటరు, బయటొక థర్మామీటరు పెట్టి, బయటిది తగ్గినప్పుడే కిటికీ తెరవాలనుకున్నారు. తెరలు అద్దం లోపల కాదు, బయట ఉండాలని ఇంజనీరు అన్నాడు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు లెక్కలేకుండా నీళ్లు పడితే ప్రమాదమని, ఎవరికెంతో డాక్టరు చేత ముందే రాయించాలని పిర్యో చెప్పింది. నూకరాజు దాన్ని తన పుస్తకంలో కూడా రాసుకున్నాడు. గంట అనుకున్నది మూడు గంటలయింది.

వాళ్లు వెళ్లాక మహతి కుర్చీలో కూలబడింది. "మూడేండ్ల నుంచి గ్రాఫులు గీస్తున్న అంకుల్. ఇప్పుడు పదేండ్లకోసారి వచ్చే ఎండ ఇంకో ముప్పై ఏండ్లకు రెండు మూడేండ్లకోసారి వస్తదని తేలుతుంది. ప్రతిసారి గీత పైకి పోతది, నేను లాప్‌టాప్ మూస్తా, ఇంటికి పోతా. ఆ గీత కింద నిలబడి మొదటి రోజు ఏం చేయాలని ఎవరన్న అడగంగ ఇయ్యాలనే విన్న."

"నీ గీత లేకపోతే ఆలు ఇంత దూరం ఒచ్చేవోలా?" అన్నాడు నూకరాజు. "నువ్వు ఎండ ఒస్తాదని సెప్పినావు. గొడుగు సంగతి ఇంకెవుడో సెప్తాడు."

ఏప్రిల్ నుంచి శనివారాలు వీడియో కాల్స్ మొదలయ్యాయి. అక్కడ పొద్దున తొమ్మిది, ఇక్కడ మధ్యాహ్నం రెండు. నూకరాజు ఫ్లాటులో భోజనాల బల్ల దగ్గర కూర్చునేవాడు. మాట తట్టనప్పుడు స్పందన పక్కన చేరి అందించేది. మే నెలలో అక్కడింకా చలిగా ఉండగానే పిర్యో ఆశ్రమంలో ఉత్తుత్తి ఎండ వారం నడిపించింది. గంట మోగడం, జతలు, నీళ్లు, కింది అంతస్తులో ఉత్తరం వైపు గది. స్వెట్టర్లు వేసుకున్న ముసలివాళ్లు తడిగుడ్డలు పట్టుకుని నవ్వుతున్న ఫొటో పంపింది. నూకరాజు దాన్ని సైటులో అందరికీ చూపించాడు.

జూలై రెండో వారంలో ఎండ వచ్చింది.

మహతి నాలుగు రోజుల ముందే చెప్పింది. మొదటి రోజు ఇరవై తొమ్మిది. మూడో రోజు ముప్పై రెండు. పిర్యో రోజూ ఒక ముక్క పంపేది: ఎన్ని గదులు చల్లగా ఉన్నాయి, ఎవరు ఎన్ని గ్లాసులు తాగారు. నూకరాజు భోజన విరామంలో చదివి జవాబు పెట్టేవాడు. నాలుగో రోజు కాల్ వచ్చింది. టెంటులోనే ఫోను తీశాడు.

ఎయినో అనే తొంభై ఒక్కేళ్ల పెద్దాయన. పై అంతస్తు గది. పొద్దుట్నుంచి నీళ్లు ముట్టలేదు. కిందికి రానంటున్నాడు. గదిలో ముప్పై ఒకటి. తనను చంటిపిల్లాణ్ని చేసి ఆడిస్తున్నారని తిడుతున్నాడు. అడవిలో చెట్లు నరికి బతికిన మనిషి, ఒకరి చేత గ్లాసు పట్టించుకోనంటాడు.

ఇలాంటి మనుషులు నూకరాజుకు కొత్త కాదు. ప్రతి కొత్త జట్టులోనూ ఒకడుంటాడు, నీళ్లు తాగడం నామోషీ అనుకునేవాడు. "నన్ను ఆయనతో మాట్లాడనివ్వండి," అన్నాడు.

ఫోనులో ఎముకలు తేలిన పెద్ద ముఖం కనిపించింది. పిర్యో మధ్యలో నిలబడి ఇటుది అటు, అటుది ఇటు చెప్పింది.

"అడవిలో మీ జట్టులో ఎంతమంది, సార్?"

ఎయినో గొణిగాడు. "పద్నాలుగు."

"మేస్త్రీ ఎవరు?"

"నేనే. పంతొమ్మిదేళ్లు."

"కొత్తవాడొస్తే మొదటి రోజే పెద్ద చెట్టు కొట్టించేవారా?"

ముసలాయన ముఖం చిట్లించాడు. "ఎవడు కొట్టిస్తాడు? కాలు నరుక్కుంటాడు."

"నాకు ఇక్కడ మూడు వందల మంది ఉన్నారు సార్. అక్కడ మీ చుట్టూ ముప్పై ఏడు మంది, అందరూ ఈ ఎండకు కొత్త. పిర్యోకు ఇద్దరే మనుషులున్నారు. ఒక మేస్త్రీ కావాలి. గంటకోసారి కింది గదిలో అందరి గ్లాసులూ చూడాలి. ఎవరు తాగలేదో పేరు రాయాలి. మేస్త్రీ తాగకపోతే జట్టు తాగదు, అది మీకు నేను చెప్పక్కర్లేదు."

ఎయినో ముఖం ఫోనులోంచి పక్కకు తప్పుకుంది. ఒప్పుకోలేదనుకుని నూకరాజు నిట్టూర్చాడు. అంతలో పిర్యో గొంతు, నవ్వు ఆపుకుంటూ: "పెన్సిల్ అడుగుతున్నాడు."

పన్నెండు రోజులకు ఎండ తగ్గింది. ఇద్దరు ఆసుపత్రికి వెళ్లారు, ఇద్దరూ తిరిగొచ్చారు. మొత్తం ముప్పై ఎనిమిది మందీ ఉన్నారు. ఈ కబురు వచ్చినప్పుడు నూకరాజు ట్రైనులో ఉన్నాడు. రెండుసార్లు చదివి, మహతికి ఫోను చేశాడు. తర్వాతి స్టేషన్‌లో ఎక్కిన జనంలో ఆయన గొంతు అందరికీ వినపడింది.

"అమ్మా, ఒక్కలూ పోలేదంట."

"చూసిన అంకుల్. పది నిమిషాల నుంచి అదే చూస్తున్న."

ఇంటికొచ్చి లతకు చెప్పాడు. ఆమె తినమని కంచం పెట్టి, ఎదురుగా కూర్చుంది. "అప్పలస్వామి అమ్మగారు ఉన్నారా ఇంకా?" అంది. ఉందన్నాడు. ఆదివారం ఆమెకు ఫోను చేసి, ఇన్నాళ్లూ చెప్పలేకపోయిన మాట చెప్పాడు: నీ కొడుకు గుండె జబ్బుతో పోలేదు, వేడికి పోయాడు, తప్పు వాడి ఒంటిలో లేదు. ఆవిడ చాలాసేపు ఏడ్చి, ఆ ముసలోళ్లెందరు, ఎలాగున్నారు అని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది.

లెహ్టోలా పాలకవర్గం సెప్టెంబరులో సమావేశమైంది. ఇంతకాలం నలుగురు అధికారులు తప్ప పట్టించుకోని మహతి గ్రాఫులను ఈసారి ఊరంతా చదివింది. వచ్చే ఎండలు ఇంకా పెద్దవని, తరచుగా వస్తాయని ఒప్పుకున్నారు. ఆశ్రమానికీ, బడికీ బయటి తెరలు, ప్రతి వీధిలో ఒక చల్లగది, ఏటా మే నెలలో అందరికీ ఎండ వారం పాఠం ఉండాలని తీర్మానించారు. పక్కనున్న మూడు ఊళ్లు కూడా ఆ పాఠం కావాలన్నాయి.

ఆ పాఠం రాసే పని మహతికీ నూకరాజుకూ పడింది. శనివారాలు తంజోంగ్ పగార్ హాకర్ సెంటర్‌లో, చవక తిండి దుకాణాల మధ్య, ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల పట్టుకుని, కోపీ అనే ఇక్కడి చిక్కటి కాఫీ తాగుతూ రాస్తున్నారు. మొదటి పేజీలో రెండువేల అరవై సంగతి ఉండాలని ఆమె అంటుంది. మొదటి రోజు పొద్దున ఏం చేయాలో ఉండాలని ఆయన అంటాడు. చివరికి ఎడమ పేజీ ఆమెకు, కుడి పేజీ ఆయనకు అని ఒప్పందం కుదిరింది.

మొన్న పిర్యో ఉత్తరం పంపింది. మేలో జరిగే మొదటి పాఠానికి మహతినీ, నూకరాజునూ రమ్మని పిలిచింది. కొత్త ఊళ్ల నర్సులకు గ్లాసుల లెక్క ఎలా రాయాలో ఎయినో నేర్పుతాడట, ఇప్పటి నుంచే సాధన చేస్తున్నాడట. నూకరాజు పది రోజుల సెలవుకు కాగితం పెట్టాడు. మేనేజర్ చదివి, ఆ పది రోజులూ ఇక్కడ ఎవరు చూస్తారని అడిగాడు. తన జట్టులోంచి ఇద్దరిని తయారు చేస్తానని, సోమవారం నుంచే మొదలుపెడతానని నూకరాజు చెప్పాడు. మేనేజర్ సంతకం పెట్టాడు.